చదివి సంతకం పెట్టండి బాబాయ్ గారూ

అమెరికాలో మీ అమ్మాయి ఏం చేస్తుందని తిరుపతిలో ఎవరైనా అడిగితే, మా అమ్మ 'మనసు డాక్టర్ల దగ్గర పని' అని చెప్పి ఊరుకుంటుంది. డాక్టర్లెవరూ లేరు. ఒక విశ్వవిద్యాలయంలో మనస్తత్వ శాస్త్ర పరిశోధకుల బృందానికి సమన్వయకర్తను. పెద్ద వయసులో పిల్లల దగ్గరకు వచ్చినవాళ్ల ఒంటరితనం మీద ప్రశ్నావళులు నింపించాలి. పేర్లకు బదులు సంకేత సంఖ్యలు వేయాలి. ఏ సంఖ్య ఎవరిదో తెలిపే జాబితాను వేరే బీరువాలో పెట్టి తాళం వేయాలి. అసలు జీతమిచ్చేది మాత్రం ఎదుటి మనిషి 'వద్దు' అనగలిగేలా చూసినందుకే అనిపిస్తుంది.

మనవాళ్లతో వచ్చే చిక్కంతా అక్కడే. కొడుకు దగ్గరకు చిత్తూరు నుంచి వచ్చిన ఒక దంపతుల సంగతి చెబుతాను (ఆనవాలు దొరకకుండా కొన్ని వివరాలు మార్చాను, అదీ ఉద్యోగ ధర్మమే). తెలుగులో ఉన్న అంగీకార పత్రం చేతికివ్వగానే ఆయన నేరుగా చివరి పేజీకి వెళ్లి జేబులోంచి పెన్ను తీశారు.

"చదివి సంతకం పెట్టండి బాబాయ్ గారూ."

"నువ్వు తిరుపతి పిల్లవు. నిన్ను నమ్మక ఇంకెవరిని నమ్మమంటావమ్మా?"

అభిమానమే, కాదనను. కానీ నా ముఖం చూసి పెట్టే సంతకం, పరిశోధనలో పాల్గొనేవాళ్లకు అన్యాయం జరగకుండా చూసే నైతిక సమీక్షా సంఘం ముందు నిలవదు. ఏం అడుగుతామో, ఎంతసేపు పడుతుందో, ఎప్పుడు లేచి వెళ్లిపోవచ్చో ఆయన తన మాటల్లో తిరిగి చెప్పాలి. "ఈ వయసులో పాఠం అప్పజెప్పాలా?" అని చిన్నబుచ్చుకున్నారు. మధ్యలో మానేసినా గిఫ్టు కార్డు ఇస్తామంటే మరీ విస్తుపోయారు. ఇష్టం లేకుండా డబ్బు కోసం ఎవరూ కూర్చోకూడదని ఆ ఏర్పాటు.

పిన్నిగారు ప్రతి జవాబుకూ ముందు భర్త వైపు చూస్తున్నారు. అందుకే ఆమెను వేరే గదిలో కూర్చోబెట్టాను. 'ఈ నెలలో నాకంటూ ఎవరూ లేరనిపించిందా?' అన్న ప్రశ్న దగ్గర ఆమె ఆగారు.

"ఇది వదిలేయవచ్చా అమ్మా?"

"వదిలేయవచ్చు పిన్నిగారూ."

"మా అబ్బాయికి చూపిస్తారా?"

"ఎవరికీ చూపించం."

కాసేపు ఆలోచించి ఆ గడిని ఖాళీగానే వదిలి పేజీ తిప్పారు. ఖాళీ గడి కనబడితే మా గణాంక నిపుణుడి ముఖం మాడిపోతుంది. నాకైతే ఆ రోజు ఆ అంగీకార పత్రం దాని పని చేసింది అక్కడే.

ఈ చాదస్తమంతా ఊరికే రాలేదు. అలబామాలోని టస్కెగీలో 1932 నుంచి 1972 దాకా, సిఫిలిస్ అనే సుఖవ్యాధి ఉన్న 399 మంది నల్లజాతి పురుషులను అమెరికా ప్రభుత్వ ఆరోగ్య విభాగమే వైద్యం చేయకుండా గమనిస్తూ కూర్చుంది. వాళ్లకు చెప్పింది 'మీ రక్తం చెడింది' అని మాత్రమే. ఆ జబ్బును నయం చేసే పెన్సిలిన్ వాడుకలోకి వచ్చాక కూడా ఇవ్వలేదు. గుట్టు బయటపడ్డాక 1974లో మనుషుల మీద చేసే పరిశోధనలకు చట్టం, 1979లో వాటికి నైతిక సూత్రాలు చెప్పిన బెల్మాంట్ నివేదిక వచ్చాయి. ఇక్కడి నల్లజాతి పెద్దలు కొందరు మా పత్రం మూడుసార్లు చదివి, సంతకం పెట్టకుండానే తిరిగి ఇచ్చేస్తారు. వాళ్లను ఒక్క మాట అనడానికి మాకు నోరు లేదు.

సెలవుకు ఊరొస్తే అందరికీ ఫలితాలే కావాలి. మా మేనమామ నెలనెలా అలిపిరి నుంచి 3,550 మెట్లూ ఎక్కుతారు. "మెట్లెక్కేవాళ్లకు మోకాళ్ల నొప్పులుండవు, రాసుకో" అంటారు. నొప్పులున్నవాళ్లు బస్సెక్కుతున్నారు కదా మామయ్యా అంటే ఆయనకు కోపం. రెండు విషయాలు కలిసి కనబడితే ఏది దేనికి కారణమో, రెండింటి వెనకా మూడోది ఉందో, అవి ఎంతగా కలిసి నడుస్తాయో కొలిచే సహసంబంధ గుణకం చెప్పదు. అది మైనస్ 1 నుంచి ప్లస్ 1 వరకు ఉండే ఒక సంఖ్య. 0.3 వచ్చిందంటే మా దగ్గర సంబరమే. దాని వర్గం 0.09, అంటే మనిషికీ మనిషికీ ఉన్న తేడాల్లో 9 శాతానికే లెక్క కుదిరినట్టు.

చిత్తూరు దగ్గర బడిలో పాఠాలు చెప్పే స్నేహితురాలి ప్రశ్న అంత తేలిక కాదు. తల్లులు ఇంటిపనికి కువైట్ వెళ్లిన పిల్లలు చదువులో వెనకబడుతున్నారట. తల్లి దూరమవడమే కారణమని రాయవచ్చా అంది. అది ప్రయోగంతో తేల్చాలంటే చీటీలు వేసి సగం మంది తల్లులను విమానం ఎక్కించాలి. అలా చేయకూడదు గనుకే సహసంబంధంతో సరిపెట్టుకుంటాం. సిగరెట్ల విషయంలోనూ ఎవరి చేతా బలవంతంగా తాగించలేదు. 1950లో బ్రిటన్ పరిశోధకులు డాల్, హిల్ లండన్ ఆసుపత్రుల్లోని రోగులను వాళ్ల అలవాట్లు అడిగారు. ఆ తర్వాత ఎన్నో అధ్యయనాలు అదే మాట చెప్పాకే ఊపిరితిత్తుల క్యాన్సర్‌కు సిగరెట్లు కారణమన్న మాట నిలబడింది.

"తల్లి వెళ్లకముందే ఆ ఇంట్లో అప్పు ఉంది కదా? బోరు ఎండిందా? తండ్రి తాగుతాడా? మార్కులు ఎప్పటి నుంచి తగ్గాయి?" అని అడిగాను. చివరిదానికి బడి రిజిస్టర్లున్నాయంది. తల్లి వెళ్లకముందు, వెళ్లాక అవే పిల్లల మార్కులు పోల్చితే ఏది ముందో కొంతైనా తెలుస్తుంది. ఆ మార్కులు వాడుకోవడానికి అమ్మమ్మ సంతకం చాలదా అంది. తల్లిని ఫోన్లో అడగాలన్నాను. భారత వైద్య పరిశోధనా మండలి 2017 మార్గదర్శకాల ప్రకారం పన్నెండేళ్లు దాటిన పిల్లల సమ్మతి కూడా రాతపూర్వకంగా ఉండాలి.

"టీచరే అడిగితే ఏ పిల్ల కాదంటుంది?" అంది తనే.

అందుకే నువ్వు అడగకూడదన్నాను. బడితో సంబంధం లేని మనిషి కోసం ఇప్పుడు శ్రీవేంకటేశ్వర విశ్వవిద్యాలయంలో విచారిస్తోంది. మొన్న ఆ తల్లుల ఫోన్ నంబర్లు పంపనా అంటే, నాక్కూడా పంపవద్దన్నాను.