నిద్రలో తల ఊపే మా వాడు: ఫిట్స్ కాదని తేలేదాకా

రిపోర్టు నిన్ననే చేతికొచ్చింది. ఫిట్స్ కాదు. ఆ మాట కాగితం మీద చూశాక గానీ నా టెన్షన్ తీరలేదు.

మా వాడికి 12 ఏళ్లు. కళ్లు మూతపడుతుంటే చాలు, దిండు మీద తల అటూ ఇటూ దొర్లిస్తాడు. గొంతులో సన్నగా ఓ మూలుగు. ఒక్కోసారి మోకాళ్ల మీద లేచి ఒళ్లంతా ఊపేస్తాడు, మంచం వెళ్లి గోడకు తగులుతుంది. తల వెనక జుట్టు ఎప్పుడూ ఉండ కట్టుకుపోయి ఉంటుంది. 9 నెలల పిల్లల్లో సగానికి పైగా ఇలాంటిదేదో చేస్తారట, అయిదేళ్లు వచ్చేసరికి చాలామందికి పోతుందట. వీడికి పోలేదు.

పిల్లల డాక్టరు ఏమీ సాగదీయకుండా నరాల డాక్టరుకు రాసిచ్చారు. నా ప్రాణం విసిగింది అక్కడే. వీడియో చూపించబోతే ఆయన ఫోన్ లోపల పెట్టమన్నాడు. చుట్టూ జూనియర్లు, పక్కనే పిల్లాడు. "ఇంట్లో మీరిద్దరూ గొడవపడతారా? వీణ్ని ఎవరైనా కొడతారా?" లేదన్నాను. "ఏమీ లేకుండానే ఇంత వయసులో ఇలా చేస్తాడా?" అని నవ్వాడు. మా వాడు చొక్కా గుండీ తిప్పుకుంటూ నేల చూపులు చూస్తున్నాడు. ఇంటికొచ్చాక, "నా వల్లే నిన్ను అలా అడిగారా అమ్మా?" అన్నాడు. ఆ ప్రశ్న అడగొద్దని నేననను, కొన్ని ఇళ్లలో అది అడగాల్సిందే. అడిగే తీరు ఒకటుంటుంది కదా! పిల్లాణ్ని విడిగా, తల్లిని విడిగా కూర్చోబెట్టే తీరిక లేనివాళ్లకు అంత పెద్ద బోర్డు ఎందుకో.

నిద్ర సమస్యలు చూసే డాక్టరమ్మ ముందు వీడియోనే అడిగింది. "పేరు పెట్టి పిలిస్తే ఆపుతాడా?" అంది. ఆపుతాడు, మళ్లీ మొదలెడతాడు. అనుమానం తీరాలని రాత్రంతా వీడియోతో పాటు స్లీప్ స్టడీ చేశారు. తలకు జిగురు పెట్టి వైర్లు అతికిస్తే, వాటితోనే హాయిగా ఊగాడు మా వాడు! టెక్నీషియన్ ఊడినవాటిని అతికిస్తూనే ఉన్నాడు పాపం. మెదడు రికార్డింగులో ఫిట్స్ జాడ లేదు. ఊపంతా నిద్రలోకి జారుకునే వేళే.

దెబ్బలు తగిలినా, నిద్ర చెడినా, పగలు దాని ప్రభావం కనిపించినా తప్ప దీన్ని జబ్బు అనరట. కొందరికి క్లోనజెపామ్ అనే మందు ఇస్తారు, మాకు అవసరం లేదంది. చేతులు కట్టేసి పడుకోబెట్టమనే చుట్టాల మాట వినకండి. వీడియో మాత్రం దుప్పటి తీసి, తలా ఒళ్లూ రెండూ కనబడేలా తీయండి, మధ్యలో ఒకసారి పేరు పెట్టి పిలవండి.

మంచం గోడకు దూరంగా జరిపాం, బోల్టులు బిగించాం. స్కూలు క్యాంపుకు పంపొచ్చంది డాక్టరమ్మ. రెండంతస్తుల మంచమైతే పైది మాత్రం వద్దంది.