కావలి నుంచి లైప్‌జిగ్‌కు: నర్సుగా నా అనుభవం

మాది కావలి. నెల్లూరులో బీఎస్సీ నర్సింగ్ చదివి, అక్కడే ఒక ప్రైవేటు ఆసుపత్రిలో పనిచేశాను. చెన్నైలో జర్మన్ భాష బీ2 స్థాయి దాకా నేర్చుకుని జర్మనీలోని లైప్‌జిగ్ వచ్చాను. మా కాలేజీ చెల్లెళ్ళు ఫోన్ చేసినప్పుడల్లా వీసా గురించే అడుగుతారు. వచ్చాక రోజులు ఎలా గడుస్తాయో కూడా తెలియాలి కదా, అందుకే రాస్తున్నాను.

ఇంట్లో దిగిన రెండు వారాల్లోగా అడ్రసు నమోదు చేయించుకోవాలి. దాన్ని అన్మెల్డుంగ్ అంటారు. ఇంటి ఓనరు సంతకం చేసిన కాగితం లేనిదే ఆ పని కాదు. తర్వాత 11 అంకెల పన్ను నంబరు పోస్టులో వస్తుంది. ఇక్కడ పోస్టుమ్యాన్ ఇంటి దగ్గరి ఉత్తరాల డబ్బా మీద ఇంటిపేరు చూసి ఉత్తరం వేస్తాడు. మా ఓనరు నా పేరు అంటించడం ఆలస్యం చేయడంతో ఉత్తరం వెనక్కి పోయింది. మళ్ళీ అడిగితే మళ్ళీ పోస్టులోనే పంపుతారు. ఈలోగా నంబరు లేదని జీతంలో పన్ను ఆరో తరగతి కింద, అంటే అన్నిటికన్నా ఎక్కువగా కోశారు. నా చదువుకు నాన్న చేసిన అప్పుకు వడ్డీ కట్టాల్సిన నెల అది. ఎంత టెన్షన్ పడ్డానో చెప్పలేను. నంబరు వచ్చాక ఎక్కువ కోసిన డబ్బు తిరిగి ఇచ్చారు. మీరు మాత్రం తాళంచెవి చేతికి రాగానే డబ్బా మీద పేరు వేయించుకోండి. సామాను తర్వాత సర్దుకోవచ్చు.

ఆదివారం దాదాపు కొట్లన్నీ మూసేస్తారు, శనివారమే సరుకులు తెచ్చుకోవాలి. ఇంటికి ఫోన్ చేసేటప్పుడు చలికాలంలో నాలుగున్నర గంటలు, ఎండాకాలంలో మూడున్నర గంటలు తేడా చూసుకోవాలి. ఇవి త్వరగానే అలవాటవుతాయి.

అసలు కష్టం వార్డులో. నెల్లూరులో పేషెంటు మంచం పక్కన కూతురో కోడలో ఉంటుంది. ఒళ్ళు తుడవడం, అన్నం తినిపించడం, బెడ్‌పాన్ పెట్టడం వాళ్ళే చూసుకుంటారు. మనకు ఇంజెక్షన్లు, సెలైన్లు, చార్టు. ఇక్కడ అవన్నీ నర్సు పనే. ఇంత చదివి ఇదా చేసేదని మన పిల్లలు కొందరు ఏడుస్తారు. నేను ఆ మాట ఒప్పుకోను. పొద్దున్నే ఒక పెద్దావిడ ఒళ్ళు తుడుస్తుంటే వీపు మీద ఎర్రబడిన చోటు కనిపిస్తుంది, పుండు పడకముందే జాగ్రత్తపడతాం. చార్టు ముందు కూర్చుంటే అది కనపడదు.

ఇక భాష. ముసలివాళ్ళు మాట్లాడేది ఈ ప్రాంతపు శాక్సన్ యాస. పుస్తకాల తెలుగు నేర్చుకున్నవాడు మా కావలి చేపల మార్కెట్లో నిలబడినట్టు ఉండింది నాకు. అర్థం కాకపోతే మందు ఇచ్చే ముందు మళ్ళీ అడిగేదాన్ని, వాళ్ళూ విసుక్కోకుండా నెమ్మదిగా చెప్పేవాళ్ళు. వినగా వినగా ఆ యాస పట్టుబడింది.

మన డిగ్రీని ఇక్కడి ప్రభుత్వం గుర్తించేదాకా సహాయకురాలి జీతమే. ఆ గుర్తింపు కోసం పెట్టే పరీక్ష పాసయ్యాక నాకు పూర్తి నర్సు జీతం వస్తోంది. అయితే మన సర్టిఫికెట్లలో ఇంటిపేరు పొడి అక్షరంగా ఉంటుంది, పాస్‌పోర్టులో పూర్తిగా ఉంటుంది. ఆ రెండు పేర్లూ ఒకరివేనని కాగితం చూపించమన్నారు. నేను ఇక్కడ ఉండగా దానికోసం నాన్న విజయవాడ దాకా తిరగాల్సి వచ్చింది. బయల్దేరే ముందే, ఊళ్ళో ఉండగానే ఆ పని చేయించుకోండి.