డెవన్‌షర్ రాతప్రతి చదవడం: నా అనుభవం

ఇంగ్లిష్ ఎం.ఏ. థీసిస్‌కి నేను ఎంచుకున్నది అచ్చుపుస్తకం కాదు, చేత్తో రాసుకున్న పద్యాల పుస్తకం. డెవన్‌షర్ రాతప్రతి అంటారు దాన్ని. 1530లలో, ఇంగ్లండ్ రాజు ఎనిమిదో హెన్రీ కొలువులో, ఆయన రాణి యాన్ బొలీన్ చుట్టూ ఉన్న యువతీయువకులు ఒకరి తర్వాత ఒకరు అందుకుని రాసుకున్నది. దాదాపు ఇరవై మంది దస్తూరీలున్నాయి. ఆ కొలువులోని కవి సర్ థామస్ వయట్ పద్యాలే ఎక్కువ. ప్రతి ఇప్పుడు లండన్‌లో బ్రిటిష్ లైబ్రరీలో ఉంది. నేను చదివింది ఫొటోల్లో.

మొదటి పుట చూడగానే టెన్షన్ పట్టుకుంది. అప్పట్లో ఇంగ్లండ్‌లో మామూలు రాతకు వాడిన సెక్రెటరీ హ్యాండ్ అనే పద్ధతి మన పాత దస్తావేజుల్లోని గొలుసుకట్టు లాంటిది. భాష వచ్చినా అక్షరం లొంగదు. 'ఇ' వెనక్కి తిరిగి ఉంటుంది. 'హెచ్' తోక కింది పంక్తిలోకి జారుతుంది. 'యు', 'వి' ఒకదాని చోట ఒకటి వస్తాయి. 'ఎమ్', 'ఎన్', 'ఐ' పక్కపక్కన పడితే వరసగా నిలువుగీతలే, ఏది ఎక్కడ ఆగిందో లెక్కపెట్టుకోవాలి. 'పి' కాలికి అడ్డగీత ఉంటే అది 'పర్' అనో 'పార్' అనో చదవాలి. స్పెల్లింగ్ అయితే ఎవరిష్టం వాళ్లది.

బ్రిటన్ నేషనల్ ఆర్కైవ్స్ వాళ్లు పాత చేతిరాత మీద ఆన్‌లైన్‌లో ఉచితంగా పెట్టిన పాఠాలతో మొదలుపెట్టాను. అసలు పని నడిచింది మాత్రం నేను వేసుకున్న పట్టికతోనే. ఒక్కొక్క దస్తూరికీ వేరే కాగితం పెట్టుకుని, ఖాయంగా తెలిసిన మాటల్లోంచి అక్షరాలు ఏరి దాని మీద గీసుకున్నాను. 'లవ్', 'హార్ట్' అనే మాటలు ప్రేమపద్యాల్లో ఎటూ తప్పవు కదా, అవి దొరికితే ఏడెనిమిది అక్షరాలు చేతికొచ్చినట్టే. అంత్యప్రాస కూడా ఆదుకుంది. ఒక పాదం చివరిమాట తెలిస్తే, దానికి ప్రాస కలిసే పాదం చివర ఏం ఉండొచ్చో ఊహకు అందుతుంది. ఆ ఊహను గీతలతో సరిచూసుకున్నాకే రాసుకునేదాన్ని. ఉన్నది ఉన్నట్టే దించాలి, సంక్షిప్తాలు విప్పినచోట బ్రాకెట్లు పెట్టాలి, అనుమానం ఉంటే అనుమానమనే గుర్తించాలి. విసుగనిపించే ఈ నియమాలే తర్వాత నన్ను కాపాడాయి.

ఎవరి దస్తూరి ఏదో వేరుచేయడం వచ్చాక పుస్తకం మాట్లాడటం మొదలుపెట్టింది. ఒక విరహపద్యంలో చరణాల మొదటి అక్షరాలు కలిపితే 'షెల్టన్' అని వస్తుంది, అంటే ఆ బృందంలోని మేరీ షెల్టన్ కోసం రాసిందన్నమాట. దాని పక్కన మార్గరెట్ డగ్లస్ దస్తూరిలో 'దీన్ని మరిచిపో' అని ఉంది. కింద షెల్టన్ జవాబు: 'ఇది విలువైనదే'. మళ్లీ పద్యం చివర ఆమే 'కోరని సేవకు కూలి అక్కర్లేదు' అని రాసి సంతకం చేసింది. పద్యాలను మాత్రమే ఏరి అచ్చువేసే సంపుటాల్లో ఈ సంభాషణ దొరకదు. అంచుల్లో ఉన్నది వదిలేసి ఈ పుస్తకాన్ని చదివితే సగమే చదివినట్టని నా అభిప్రాయం.

ఈ మార్గరెట్ రాజుగారి మేనకోడలు. రాజు అనుమతి లేకుండా థామస్ హవర్డ్‌ను పెళ్లాడతానని మాటిచ్చినందుకు 1536లో ఇద్దరినీ లండన్ టవర్‌లో పెట్టారు. 1537లో హవర్డ్ అక్కడే చనిపోయాడు. వాళ్లిద్దరివని చెప్పే పద్యాలు కూడా ఇందులోనే ఉన్నాయి. అవి దించుతున్నప్పుడు చాలాసార్లు పెన్సిల్ పక్కనపెట్టి కూర్చున్నాను.

నన్ను అన్నిటికంటే పట్టేసింది చివరి పుటల్లో ఉన్న ఒక చరణం. పద్నాలుగో శతాబ్దపు ఇంగ్లిష్ కవి చాసర్ పేరుతో 1532లో అచ్చయిన గ్రంథావళి నుంచి తీసుకున్నది. భూమంతా రాసుకునే తోలైనా, చెట్లన్నీ కలాలైనా, నీళ్లన్నీ సిరా అయినా, మనుషులంతా లేఖకులైనా స్త్రీల దుష్టత్వం, మోసం రాయడానికి చాలవని అచ్చులో ఉంటుంది. శివమహిమ్న స్తోత్రంలోని 'అసితగిరిసమం స్యాత్' శ్లోకం విన్నవాళ్లకి ఈ ఊహ కొత్త కాదు. రాతప్రతిలో మాత్రం 'దుష్టత్వం, మోసం' తీసేసి 'విశ్వాసం, ప్రశంస' అని పెట్టారు. మిగతా చరణం దాదాపు అలాగే ఉంది.

గీత గీతా అచ్చుప్రతితో పోల్చి చూశాను. పొరపాటున దొర్లిన మార్పు కాదది, రెండు మాటలనూ ఆలోచించే మార్చారు. థీసిస్‌లో ఒక అధ్యాయం మొత్తం ఆ ఒక్క పాదానికే ఇచ్చాను. చదవాలనుకునేవాళ్లకు పాఠమంతా వికీబుక్స్‌లో ఉచితంగా ఉంది. మొదట షెల్టన్ పద్యం తీయండి.