తెల్లబడ్డ ఫిరోజా

ఫిరోజా అంటే టర్కాయిస్, ఉంగరాల్లో పొదిగే నీలిరాయి. దుబాయ్ దేరాలో నేను మొదట చేరిన షాపులో నీలంగా ఉన్న రాయల్లా 'ఇరానీ ఫిరోజా'యే. జీతం 1,200 దిర్హాములు, అమ్మితే కొంత కమీషన్. ఉంగరం తొంభై చెప్పి అరవైకి దిగేవాళ్లం. మా జగిత్యాల వైపు అన్న ఒకాయన, కన్‌స్ట్రక్షన్‌లో చేసేవాడు, ఊళ్లో వాళ్ల నాయన కోసం ఒకటి కొన్నాడు. అమ్మింది నేనే.

మరుసటేడు సెలవు నుంచి వచ్చి ఆ ఉంగరాన్నే కౌంటర్ మీద పెట్టాడు. అంచుల్లో కాస్త నీలం మిగిలింది, నడుమ సుద్దముక్కలా ఉంది. "తమ్మీ, గిదేం రాయే? గింత తెల్లగైంది?" ఓనర్ లోపల్నుంచే "సబ్బు తగిలితే అంతే" అన్నాడు. నేను తల దించుకుని బిల్లు పుస్తకం సర్దాను.

అది ఫిరోజానే కాదని రెండో షాపులో తెలిసింది. హౌలైట్ అనే తెల్ల రాయి. గీతలు దానికి పుట్టుకతోనే ఉంటాయి, రంగు ఇట్టే పీల్చుకుంటుంది.

ఆ షాపు ఇరాన్‌లోని మషద్ నుంచి వచ్చిన ఒక ముసలాయనది. అందరం హాజీ అనేవాళ్లం. మషద్‌లోని ఇమామ్ రెజా దర్గాకు వచ్చే యాత్రికులు ఫిరోజా కొనుక్కుని పోవడం పాత అలవాటట. గనులు అక్కడికి దగ్గర్లోని నిషాపూర్ వైపు ఉన్నాయి. ఉమర్ ఖయ్యాం ఊరు అదే.

మొదటి వారం హాజీ నన్ను గడప దగ్గర కూర్చోబెట్టి, తెల్ల కాగితం మీద రాళ్లు పోశాడు. షాపు లైట్ల కింద చూడనిచ్చేవాడు కాదు. గీత లేకుండా నిండు ఆకాశం రంగులో ఉంటే అజమీ. నల్లగానో గోధుమగానో కొమ్మల్లాంటి గీతలుంటే షజరీ. షజర్ అంటే చెట్టు. పాలిపోయినా, ఆకుపచ్చకు తిరిగినా అరబీ. నీలం రాగి వల్ల, పచ్చదనం ఇనుము వల్ల. ఒకే బరువున్న రెండు రాళ్లకు ఆయన చెప్పే ధరల్లో పదింతల తేడా ఉండేది. ముందు రంగు, తర్వాత గట్టిదనం, ఆపైన గీతల అందం. బరువు చివర్న.

మెత్తగా, పొడి రాలేలా ఉన్న రాయికి ఒత్తిడితో రెజిన్ అనే, ఆరితే గట్టిపడే జిగురు ఎక్కిస్తారు. గట్టిపడుతుంది, రంగు చిక్కబడుతుంది. హాజీ కూడా అవి అమ్మేవాడు, వేరే ట్రేలో పెట్టి, బిల్లు మీద రాసి. అద్దకం రాయైతే గోళ్లరంగు తీసే మందు అద్దిన దూదికి నీలం అంటుతుంది. పైన రెజిన్ పూత ఉంటే అంటదు. అప్పుడు భూతద్దం పెట్టి చూడాలి, పగుళ్లలో రంగు పేరుకుని కనిపిస్తుంది. వేడి సూది వెనకవైపు తాకిస్తే రెజిన్ ప్లాస్టిక్ వాసన కొడుతుంది. ఈ పరీక్ష నాకెప్పుడూ భయమే, రాయికి మచ్చ పడుతుందని.

అన్నిటికంటే కష్టం కస్టమర్‌కు ఇంకో మాట చెప్పడం. ఏ మందూ పెట్టని అసలు రాయే ఎక్కువ సుకుమారం. నూనె, చెమట, అత్తరు తగిలి పచ్చబడవచ్చు. అంత డబ్బు పోసి కొనేవాడికి అది చెబితే సగం మంది లేచి వెళ్లిపోయేవాళ్లు.

ఆ అన్నను పిలిపించాను. వాళ్ల నాయన పొద్దంతా పొలంలో ఉండే మనిషి. అందుకే రెజిన్ ట్రేలోంచి చిన్న షజరీ తీశాను, పైసలు నావే. రెజిన్ పెట్టిన రాయని చెప్పేసరికి ఆయన ముఖం మారింది.

"మల్లా మందు పెట్టిందే అంటగడుతున్నవా తమ్మీ?"

పొలం పనికి అదెందుకు మేలో చెప్పాను. ఆయన వింటూనే నా బల్ల మీది దూది తీసుకుని, సీసాలో ముంచి, రాయిని రుద్దాడు. దూది తిప్పి చూశాడు. మళ్లీ రుద్దాడు.

"బిల్లు మీద రెజిన్ అని తెలుగుల రాయి," అన్నాడు. "నాయన సదువుకుంటడు."