యోబు స్నేహితులు ఎక్కడ తప్పారు?

విశ్వాసి ఇంట్లో పెద్ద జబ్బో, చావో వచ్చినప్పుడు పరామర్శకు వెళ్లినవాళ్ల నోట రెండు మాటలు తేలిగ్గా వచ్చేస్తాయి. ఒకటి, "ఒప్పుకోని పాపం ఏదో ఉండుంటుంది." రెండోది, "విశ్వాసం చాలలేదు, అందుకే స్వస్థత రాలేదు." దెబ్బతిన్న మనిషి మీద ఇవి ఎంత బరువు వేస్తాయో అనేవాళ్లకు తెలియదు.

మొదటి మాటకు దేవుడిచ్చిన జవాబే యోబు గ్రంథం. నీతిమంతుడైన యోబుకు ఆస్తి, పదిమంది పిల్లలు ఒక్క రోజులో పోయాక దేవుడు సాతానుతో ఏమన్నాడో 2:3లో చూడండి. "నిష్కారణముగా" అతన్ని పాడుచేయడానికి నువ్వు నన్ను ప్రేరేపించావు అన్నాడు. ఆ తర్వాత అరికాలి నుంచి నడినెత్తి దాకా కురుపులు. బూడిదలో కూర్చుని చిల్లపెంకుతో ఒళ్లు గోక్కుంటున్న ఆ మనిషి దగ్గరికి ఎలీఫజు, బిల్దదు, జోఫరు వచ్చారు. ఏడు పగళ్లు, ఏడు రాత్రులు నేలమీద కూర్చుని ఒక్క మాటా మాట్లాడలేదు. వాళ్లు చేసినవాటన్నిటిలో మంచి పని అదే.

నోరు తెరిచాక చెడింది. నీ పిల్లలు పాపం చేశారేమో, అందుకే దేవుడు వాళ్లను అప్పగించాడన్నాడు బిల్దదు (8:4). పిల్లల్ని పాతిపెట్టిన తండ్రితో అనాల్సిన మాటేనా అది! ఎలీఫజు ఇంకా ముందుకెళ్లి, లేని పాపాలు కల్పించాడు. దప్పిగొన్నవాడికి నీళ్లివ్వలేదట, విధవరాండ్రను వట్టి చేతులతో పంపేశాడట (22:7-9). వాళ్ల లెక్క ఇది: పాపానికి కష్టం వస్తుంది, యోబుకు కష్టం వచ్చింది, కాబట్టి యోబు పాపి. మొదటి భాగం నిజమే, విత్తినదే కోస్తామని గలతీ పత్రికా చెబుతుంది. దాన్ని తిరగేసి, ప్రతి కష్టం వెనకా పాపం వెతకడం దగ్గరే తప్పారు. పుట్టుగుడ్డివాడి విషయంలో శిష్యులూ అదే ప్రశ్న వేస్తే, వీడూ పాపం చేయలేదు, వీడి తల్లిదండ్రులూ చేయలేదన్నాడు యేసు (యోహాను 9:3). చివరికి దేవుని కోపం రగిలింది యోబు మీద కాదు, ఈ ముగ్గురి మీద. ఏడు ఎడ్లు, ఏడు పొట్టేళ్లు దహనబలిగా అర్పించి, యోబు చేత ప్రార్థన చేయించుకోవాల్సి వచ్చింది.

మరి దావీదు రాజుకు పాపం వల్ల శ్రమ రాలేదా? వచ్చింది. అయితే ఆ పాపాన్ని ఎత్తిచూపిన నాతాను ప్రవక్త ఊహించి వెళ్లలేదు, దేవుడు పంపితే వెళ్లాడు.

రెండో మాటకు అపొస్తలుడైన పౌలు సరిపోతాడు. మెలితే ద్వీపంలో పొప్లి అనే పెద్దమనిషి తండ్రి మీద చేతులుంచి జ్వరం, రక్తభేది బాగుచేసిన పౌలే తనతో తిరిగిన త్రోఫిమును మిలేతు పట్టణంలో రోగిగా వదిలి వచ్చాడు (2 తిమోతి 4:20). శిష్యుడు తిమోతికి కడుపు జబ్బుంటే విశ్వాసం పెంచుకోమనలేదు, కొంచెం ద్రాక్షారసం పుచ్చుకోమన్నాడు. తన శరీరంలోని ముల్లు, అంటే తనను బాధించే బలహీనత, తీసేయమని మూడుసార్లు వేడుకున్నా అది పోలేదు. "నా కృప నీకు చాలును" అన్న జవాబు వచ్చింది. అందుకే, ప్రార్థన చేయించుకున్నాం కదా అని బీపీ, షుగరు మాత్రలో, కీమోనో ఆపమని ఎవరు చెప్పినా వినకండి. జబ్బుపడిన హిజ్కియా రాజుకు ఆయుష్షు పొడిగిస్తానని దేవుడు మాటిచ్చాక కూడా యెషయా ప్రవక్త అంజూరపు పండ్ల ముద్ద పుండుకు కట్టించాడు.

దేవుడు ఎందుకు అనుమతిస్తాడన్నదానికి లేఖనంలో ఒకే జవాబు లేదు. తాను హెచ్చిపోకుండా ఆ ముల్లు అని పౌలుకు తెలిసింది. ప్రాణరక్షణ కోసమే దేవుడు నన్ను ముందుగా పంపాడన్నాడు, అన్నలు గోతిలో వేసి అమ్మేసిన యోసేపు. కానీ 17 ఏళ్ల వాడిగా అమ్ముడుపోయినవాడు ఆ మాట అనేసరికి 39 ఏళ్లు. పైగా అన్నది తానే, ఆ గోతి దగ్గర నిలబడి వేరెవరో చెప్పలేదు. యోబుకైతే కారణం చివరిదాకా చెప్పనే లేదు. 38 నుంచి 41వ అధ్యాయం వరకు దేవుడు అడిగినవన్నీ ప్రశ్నలే. అయినా "ఇప్పుడు నేను కన్నులార నిన్ను చూచుచున్నాను" అన్నాడు యోబు. కారణం తెలిస్తే అది దేవుడు, శ్రమపడినవాడు తేల్చుకోవాల్సింది. చూడవచ్చినవాళ్లు పంచిపెట్టేది కాదు.

శ్రమలో ఉన్నవాళ్లు ప్రార్థనకు మాటలు దొరక్కపోతే 13వ కీర్తన తీసుకోండి. ఆరే వచనాలు. మొదటి రెండూ చదివి, మీ "ఎన్నాళ్లు" ఏమిటో దాచకుండా దేవునితో చెప్పండి. మూడు, నాలుగు చదివి, కావాల్సింది స్పష్టంగా అడగండి: నిద్ర, ఆపరేషన్ ఖర్చు, ఏదైనా సరే. అయిదు, ఆరు నమ్మకం, స్తుతి. ఈరోజు అక్కడిదాకా నోరు రాకపోతే నాలుగో వచనం దగ్గర ఆగండి, రేపు మళ్లీ మొదలుపెట్టండి. అది అవిశ్వాసం కాదు. 88వ కీర్తన చీకటిలోనే ముగుస్తుంది, అదీ ప్రార్థనే. సిలువ మీద ప్రభువే "నన్నెందుకు చెయ్యి విడిచితివి" అని అడిగాడు.

పరామర్శకు వెళ్లేవాళ్లు ఎక్కువసేపు కూర్చోకండి, ఎక్కువ మాట్లాడకండి. రోమా 8:28 నిజమైన మాటే, కానీ సమాధి తడి ఆరకముందే దాన్ని చదివి ఏడుపు ఆపించకండి. చనిపోయిన లాజరును లేపబోతున్నానని తెలిసి కూడా యేసు ముందు అతని అక్కచెల్లెళ్లలో ఒకరైన మరియతో పాటు ఏడ్చాడు. బిడ్డను పోగొట్టుకున్న తల్లితో "దేవుడు ఇంకో బిడ్డనిస్తాడులే" అనొద్దు. సాక్ష్యం చెప్పమని తొందరపెట్టొద్దు. ఆ పూటకు అన్నం పంపండి, ఆసుపత్రిలో రాత్రి తోడుండే వంతు ఒకటి తీసుకోండి. ఆదరణ కూడిక అయిపోయి చుట్టాలంతా వెళ్లిపోయాక, నెల తర్వాత, మళ్లీ ఒకసారి ఆ ఇంటికి వెళ్లండి.