ఆఖరి వంద మీటర్లు ఎవరి చేతిలో ఉండాలి?

మట్టి దారుల్లో, మైదానాల్లో సాగే క్రాస్ కంట్రీ పరుగులో ముగింపు గీత కళ్లెదుట కనిపిస్తుండగా ఒక విద్యార్థి కాళ్లు తడబడి పడిపోతే చుట్టూ ఉన్నవాళ్లు ఏం చేయాలన్న ప్రశ్న మీద అమెరికా కళాశాలల క్రీడారంగంలో తరచూ వివాదం లేస్తూనే ఉంటుంది. పడుతూ లేస్తూ, చివరికి మోకాళ్ల మీద పాకుతూ గీత దాటిన విద్యార్థిని కొందరు పట్టుదలకు నిదర్శనమని మెచ్చుకుంటారు. మరికొందరు, అంతమంది పెద్దలు నిలబడి చూస్తూ కూడా ఆ బిడ్డను ఎందుకు ఆపలేదని నిలదీస్తారు. నెల్లూరు జిల్లాలో ఒక డిగ్రీ కళాశాలలో ఫిజికల్ డైరెక్టరుగా పనిచేస్తున్న నాకు ఇది ఎక్కడో దూరదేశపు గొడవగా అనిపించదు. విశ్వవిద్యాలయ జట్టుకు పిల్లల్ని ఎంపిక చేసే మా సెలెక్షన్స్‌లోనూ ఇదే జరుగుతోంది. జరిగిన ప్రతిసారీ మనం మాట్లాడవలసిన సంగతి ఒకటైతే మాట్లాడుకుంటున్నది మరొకటి.

ఈ ఆటలో మధ్యలో ఆగిపోవడం అంత కష్టం ఎందుకో ముందు చెప్పాలి. అమెరికా కళాశాలల పోటీలో సాధారణంగా ఒక జట్టు తరఫున ఏడుగురు పరుగెత్తితే, వారిలో ముందు వచ్చిన ఐదుగురి స్థానాలను కలుపుతారు; ఆ మొత్తం ఏ జట్టుకు తక్కువగా ఉంటే ఆ జట్టు గెలుస్తుంది. అందువల్ల ముప్పయ్యో స్థానంలో వస్తున్న పిల్ల కూలబడినా ఆ నష్టం ఆమె ఒక్కదానిది కాదు. జట్టు స్థానమే మారిపోవచ్చు. మన దగ్గర లెక్కలోకి వచ్చే వారి సంఖ్య వేరైనా పద్ధతి ఇదే. దానికి తోడు, విశ్వవిద్యాలయ జట్టులో చోటు దొరికి అంతర్ విశ్వవిద్యాలయ పోటీల్లో రాణిస్తే వచ్చే ధ్రువపత్రం క్రీడా కోటా ఉద్యోగానికి పనికొస్తుందన్న ఆశ మా పిల్లల్లో చాలామందికి ఉంటుంది. కూలి పనులకు వెళ్లే తల్లిదండ్రుల పిల్లలు, తెల్లవారక ముందే లేచి చెరువు కట్టల మీద పరుగులు తీసే పిల్లలు, ఆ కాగితాన్ని ఎంత పెద్దదిగా చూస్తారో నాకు తెలుసు. వాళ్లను ఆగమంటే ఆగరు. ఆ స్థితిలో ఆగాలన్న ఆలోచనే వాళ్లకు రాదు.

కిందటి సంవత్సరం తీరప్రాంతంలోని ఒక మండలంలో అంతర్ కళాశాలల క్రాస్ కంట్రీ జరిగినప్పుడు నేను ముగింపు గీత దగ్గర జడ్జీలలో ఒకణ్ని. సరుగుడు తోటల పక్కగా మట్టి దారి, మధ్యలో కొంత మేర కాలు దిగబడే ఇసుక. సెప్టెంబరు నెల, గాలి ఆడడం లేదు. ఆరున్నరకు మొదలు కావలసిన మహిళల పరుగు, ముఖ్య అతిథి రాక ఆలస్యం కావడంతో, ఎనిమిదిన్నర దాటాక మొదలైంది. మన తీరంలో ఆ రెండు గంటల తేడా ఎంతటిదో ఇక్కడ పుట్టి పెరిగిన వాళ్లకు చెప్పనక్కరలేదు. అప్పటికే పిల్లలు రెండుసార్లు వార్మప్ చేసి, తెచ్చుకున్న నీళ్లు తాగేసి, నీడ లేని చోట నిలబడి ఉన్నారు.

ఆఖరి మలుపు తిరిగి వచ్చిన పిల్లల్లో ఒకమ్మాయి తీరు దూరం నుంచే తేడాగా కనిపించింది. తల ఒక పక్కకు ఒరిగిపోయింది. కుడి పాదం లోపలికి తిరిగి, ప్రతి అడుగుకూ ఎడమ మడమను తాకుతోంది. ఛాతీ నంబరుకు పెట్టిన పిన్నుల్లో ఒకటి ఊడిపోవడంతో ఆ గుడ్డ ముక్క మెడ దగ్గరికి మడతపడి కొట్టుకుంటోంది. ఆమె దాన్ని సరిచేసుకోవాలని చెయ్యి ఎత్తింది గానీ ఆ చెయ్యి నంబరు దాకా చేరలేదు. దారికి రెండు వైపులా సున్నంతో గీసిన గీతల మధ్య నుంచి బయటికి, తాడు కట్టిన గుంజల వైపు నడవసాగింది. ముగింపు గీత ఎటుందో ఆమెకు తెలియడం లేదు. చుట్టూ ఉన్నవాళ్లు మాత్రం చప్పట్లు కొడుతూ, “ఇంకో నాలుగడుగులే పాపా, రా, వచ్చేయ్!” అని కేకలు వేస్తున్నారు. వాళ్ల మాటల్లో ప్రేమే ఉంది.

ఆమె మొదట మోకాళ్ల మీద, తరువాత బోర్లా పడింది. వెనక వస్తున్న మరో కళాశాల అమ్మాయి ఆగి, ఆమెను లేపి, చంక కింద చెయ్యి వేసి గీత దాకా నడిపించుకుని వచ్చింది. ఈ లోపల ముగ్గురు వాళ్లను దాటి వెళ్లారు. గీత దాటగానే మొదటి అమ్మాయి స్పృహ తప్పింది. అక్కడ ఉన్న వైద్య ఏర్పాటు గ్లూకోజు ప్యాకెట్లు, ఒక ప్రథమ చికిత్స పెట్టె మాత్రమే. 108కి ఫోను చేసి, అది వచ్చేదాకా తోటలోని బోరు దగ్గరి నీళ్లు బిందెలతో తెచ్చి ఒంటి మీద పోశాం. ఆమె కోలుకుంది. అది మా ఏర్పాట్ల గొప్పతనం కాదు.

ఆ సాయంత్రం నుంచి మొదలైన గొడవంతా నియమం చుట్టూనే తిరిగింది. రెఫరీ మొదటి అమ్మాయి స్థానాన్ని రద్దు చేశారు. ఆమె జట్టు కిందికి జారింది. సాయం చేసిన అమ్మాయి కళాశాల వాళ్లు తమకు మూడు స్థానాలు పోయాయని, దానికి పరిహారం ఏమిటని అడిగారు. మొదటి కళాశాల వాళ్లు మానవత్వానికి శిక్ష వేస్తారా అన్నారు.

నియమం ఏమంటుందో చూద్దాం. అంతర్జాతీయ అథ్లెటిక్స్ పాలక సంస్థ వరల్డ్ అథ్లెటిక్స్ సాంకేతిక నియమాల్లో ఆరోది ఈ విషయానికి సంబంధించినదే. పడిపోయిన వాళ్లను లేపి నిలబెట్టడం తప్పు కాదు. ముందుకు సాగడానికి శరీరానికి ఆసరా ఇస్తే మాత్రం అది నిషిద్ధ సాయం అవుతుంది. అధికారిక వైద్య సిబ్బంది పరీక్షించడాన్ని ఆ నియమం సాయంగా లెక్కించదు. ఈ చివరి మాట మన మైదానాల్లో చాలామందికి తెలియదు. డాక్టరు ముట్టుకుంటే ఫలితం పోతుందన్న భయంతో దగ్గరికి రానివ్వని కోచ్‌లను నేను చూశాను.

రెఫరీ ఆ రోజు చేసింది సరైనదేనని నా నమ్మకం. 2019లో దోహా ప్రపంచ పోటీల 5,000 మీటర్ల హీట్స్‌లో (ఫైనల్‌కు ముందు జరిగే అర్హత పరుగుల్లో) అరుబాకు చెందిన జొనాథన్ బస్బీ చివరి లాపులో నడవలేని స్థితికి వస్తే, గినీ–బిసావు రన్నర్ బ్రైమా సున్కర్ డాబో అతన్ని పట్టుకుని గీత దాటించాడు. బస్బీ ఫలితం రద్దయింది. డాబోకు ఆ ఏడాది ఫెయిర్ ప్లే పురస్కారం దక్కింది. రెండూ న్యాయమే. 2023 ఫిబ్రవరిలో ఆస్ట్రేలియాలోని బాథర్స్ట్‌లో జరిగిన ప్రపంచ క్రాస్ కంట్రీ పోటీలో ఇథియోపియాకు చెందిన లెటెసెన్‌బెట్ గిడే ముందంజలో ఉండి, గీతకు కొద్ది మీటర్ల దూరంలో కుప్పకూలింది. అప్పటికి 5,000, 10,000 మీటర్ల ప్రపంచ రికార్డులు రెండూ ఆమె పేరిటే ఉన్నాయి. బయటి వ్యక్తి ఒకరు వచ్చి లేపడంతో ఆమెను అనర్హురాలిగా ప్రకటించారు. అంతటి రన్నర్‌కు వర్తించిన నియమం మా జిల్లా పిల్లకు వర్తించకూడదని అడగడంలో అర్థం లేదు.

అయితే ఫలితం గురించిన వాదం అక్కడితో ముగిసిపోవాలి. ఆ పిల్లను గీత దాకా నడవనివ్వాలా, ఆపాలా, ఆ నిర్ణయం ఎవరిది అన్నదే అసలు తేల్చవలసిన సంగతి. దానిని మేమెవ్వరం ఎత్తలేదు.

ఈ చర్చలో అందరూ తలచుకునే దృశ్యం 1984 లాస్ ఏంజెలిస్ ఒలింపిక్స్‌ది. మహిళలకు మొట్టమొదటి ఒలింపిక్ మారథాన్ అది. స్విట్జర్లాండ్ తరఫున పరుగెత్తిన గాబ్రియెల ఆండర్సన్–షీస్ స్టేడియంలోకి ఒరిగిపోతూ వచ్చి, చివరి 400 మీటర్లకు ఐదు నిమిషాలకు పైగా తీసుకుని 37వ స్థానంలో ముగించింది. వైద్యులు పక్కనే నడుస్తూ, ఆమెకు ఇంకా చెమట పడుతోంది కాబట్టి ప్రమాదం లేదని భావించి, ముట్టుకోకుండా వదిలారు. ఆమె త్వరగానే కోలుకుంది. ఆ దృశ్యం చూసినవాళ్లు మరిచిపోలేదు, నిజమే. కానీ శ్రమ వల్ల వచ్చే వడదెబ్బలో చెమట ఆగకపోవచ్చునని, ఒళ్లంతా తడిసి ఉన్నవాళ్లకు కూడా లోపలి ఉష్ణోగ్రత 40 డిగ్రీలు దాటి ఉండవచ్చునని ఈనాటి క్రీడా వైద్యం చెబుతోంది. అక్కడ గమనించవలసిన గుర్తు మనిషి తెలివిలో వచ్చే మార్పు: దారి తప్పడం, పిలిస్తే పలకకపోవడం, ఎక్కడున్నదీ తెలియకపోవడం. మా దగ్గర ఆ అమ్మాయి సున్నపు గీత దాటి గుంజల వైపు నడిచినప్పుడే ఆ గుర్తు కళ్ల ముందు ఉంది.

అందుకే “ఆమె పూర్తి చేయాలనుకుంది, ఆమె ఇష్టాన్ని గౌరవించాలి” అన్న మాటను నేను ఒప్పుకోలేను. కాళ్లు నొప్పి పెడుతున్నా, పిక్కలు పట్టేసినా, ఏడుస్తూనే సరే, తెలివితో పరుగెత్తుతున్న పిల్లను ఆపడానికి ఎవరికీ హక్కు లేదు. ఆ పట్టుదలకు నేనూ లేచి నిలబడి చప్పట్లు కొడతాను. తెలివి తప్పిన పిల్ల సంగతి వేరు. ఆమె ఇష్టం ఏమిటో ఆ క్షణంలో ఆమెకే తెలియదు. ఆ ఇష్టాన్ని ఆమె తరఫున మనం, మన చప్పట్లతో, నిర్ణయిస్తున్నాం.

కోచ్‌కు ఆ నిర్ణయం అప్పగించడం కూడా సరికాదు. నేనూ కోచ్‌నే కాబట్టి చెబుతున్నాను: జట్టు స్థానం వేలాడుతున్నప్పుడు మన కళ్లు మనం చూడాలనుకున్నదే చూస్తాయి. తోటి రన్నర్‌కు అప్పగించడం మరీ అన్యాయం. ఆ రోజు ఆగి చెయ్యి అందించిన అమ్మాయిని నేను మనసారా మెచ్చుకున్నాను. ఆమె కళాశాలకు పోయిన స్థానాల గురించి ఆమెను ఒక్క మాట కూడా అనకూడదని వాళ్ల ఫిజికల్ డైరెక్టరు గారితో గట్టిగా చెప్పాను. కానీ డాక్టరు చేయవలసిన పనిని, పరుగు మధ్యలో ఊపిరి అందని పద్దెనిమిదేళ్ల పిల్ల చేయవలసి రావడం నిర్వాహకులందరికీ తలవంపు. పైగా ఆమె చేసిన సాయం తోటి పిల్లను పడక మీదికి చేర్చలేదు, ఇంకా నడిపించింది. అందులో ఆమె తప్పేమీ లేదు. ఎవరూ ఆమెకు వేరే దారి చూపలేదు.

బాధ్యత ఎవరిదో ముందే తేల్చుకోకపోతే తరువాత ఏమవుతుందో 2016 రియో ఒలింపిక్స్‌లో దేశమంతా చూసింది. మహిళల మారథాన్‌లో భారత రన్నర్ ఓ.పి. జైషా 2 గంటల 47 నిమిషాల 19 సెకన్లకు 89వ స్థానంలో ముగించి గీత దగ్గరే కుప్పకూలింది. దారిలో రన్నర్లకు నీళ్లు, పానీయాలు ఇచ్చే మన దేశపు కేంద్రాల వద్ద తనకు నీళ్లు అందించేవాళ్లే లేరని ఆమె చెప్పింది. ప్రత్యేక పానీయాలు వద్దన్నది ఆమె, ఆమె కోచేనని భారత అథ్లెటిక్స్ సమాఖ్య అంది. అంత పెద్ద వేదిక మీద కూడా మాట మీద మాట తప్ప మరేమీ మిగలలేదు.

నేను కోరుతున్నది పెద్ద ఖర్చుతో కూడినది కాదు. పరుగు మొదలయ్యే ముందు ఒక డాక్టరునో, శిక్షణ ఉన్న నర్సునో అందరి ముందు నిలబెట్టి, ఆఖరి వంద మీటర్లలో ఎవరిని ఆపాలో తేల్చేది వీరేనని, వీరి మాటకు కోచ్ గానీ రెఫరీ గానీ అడ్డు చెప్పరని మైకులో ప్రకటించాలి. అధికారిక వైద్య సిబ్బంది ఆపమంటే రన్నర్ వెంటనే తప్పుకోవాలని అంతర్జాతీయ నియమాల్లో ఇప్పటికే ఉంది. మనం కొత్తగా రాసుకోవలసింది లేదు, అమలు చేస్తే చాలు. అలాంటి మనిషి రాకపోతే పరుగు మొదలు పెట్టకూడదు. ముఖ్య అతిథి కోసం రెండు గంటలు ఆగగలిగిన వాళ్లం డాక్టరు కోసం ఆగలేమా?

చల్లబరచడానికి కావలసిన సరంజామా మన జిల్లాలో దొరికినంత సులువుగా మరెక్కడా దొరకదు. వడదెబ్బ తగిలిన రన్నర్‌ను ఆసుపత్రికి తరలించే ముందే, అక్కడికక్కడే, మంచు నీళ్లలో ముంచి చల్లబరచాలని, మొదటి అరగంటే ప్రాణానికి కీలకమని వైద్యులు చెబుతారు. తొట్టి లేకపోతే ఒక టార్పాలిన్ పట్టను నలుగురు నాలుగు అంచులు పైకి పట్టుకుని, మధ్యలో మనిషిని పడుకోబెట్టి, తల పైకి ఉండేలా చూస్తూ ఐసు, నీళ్లు పోసి కదిలిస్తే చాలు. ఈ పద్ధతిని క్రీడా వైద్యులే సూచిస్తున్నారు. వడ్లు ఆరబోసుకునే పట్ట లేని ఊరు నెల్లూరు జిల్లాలో ఉందా? చేపలు, రొయ్యల వ్యాపారం పుణ్యమా అని తీరం వెంట ఐసు ఫ్యాక్టరీలకూ కొదవ లేదు. తెల్లవారుజామునే దిమ్మలు బండ్లకెక్కుతుంటాయి. వాటిలో రెండు దిమ్మలు గోనె సంచుల్లో చుట్టి ముగింపు గీత పక్కన పెట్టడానికి ప్రత్యేక నిధులు అక్కరలేదు.

మా జిల్లాలోని ఫిజికల్ డైరెక్టర్లందరికీ ఈ మేరకు ఒక ఉత్తరం రాశాను. ఈసారి సెలెక్షన్స్‌లో మహిళల పరుగు, పురుషుల పరుగు రెండూ ఏడు గంటల లోపల ముగియాలని, వైద్య సిబ్బంది సంతకం లేనిదే స్టార్టరు విజిల్ ఊదకూడదని, మధ్యలో ఆపిన పిల్లలకు వాళ్ల కళాశాల పాల్గొన్నట్టుగా ధ్రువీకరించి ఇవ్వాలని అందులో అడిగాను. ఐసుకు, పట్టకు అయ్యే ఖర్చు ఎంట్రీ ఫీజులో కలపడానికి ఇప్పటివరకు ఎవరూ అభ్యంతరం చెప్పలేదు. సమయం గురించి మాత్రం రెండు కళాశాలలు ఇంకా జవాబు ఇవ్వలేదు. వచ్చే వారం వాళ్లను స్వయంగా కలవబోతున్నాను.