బుడమేరు ముంచిన వాద్యాల కోసం మా కచేరీ

2024 సెప్టెంబరు 1న బుడమేరు వాగు పొంగి విజయవాడ మీద పడింది. ప్రకాశం బ్యారేజీ దగ్గర కృష్ణలో 11.43 లక్షల క్యూసెక్కులు పోతుంటే అందరి చూపూ అటే ఉంది గానీ, సింగ్ నగర్‌నీ పాయకాపురాన్నీ కండ్రికనీ రాజరాజేశ్వరి పేటనీ ముంచింది గండ్లు పడిన బుడమేరే. నీళ్లు ఇలా వచ్చి అలా పోలేదు. రోజుల తరబడి ఇళ్లలోనే నిలబడ్డాయి. పాల ప్యాకెట్లు, పులిహోర పొట్లాలు, దుప్పట్లు, బియ్యం ఎక్కడెక్కడి నుంచో వచ్చాయి. ఆ కాలనీల్లో హరికథలు చెప్పేవాళ్లున్నారు, గుళ్లలో భజన చేసేవాళ్లున్నారు, పెళ్లిళ్లకి డోలు వాయించేవాళ్లున్నారు, ఇళ్లకి వెళ్లి సంగీతం చెప్పుకునే టీచర్లున్నారు. వాళ్ల వాద్యాలేమయ్యాయని మాత్రం ఎవరూ అడగలేదు.

నేను దుర్గాపురంలోని ఘంటసాల వేంకటేశ్వరరావు ప్రభుత్వ సంగీత నృత్య కళాశాలలో వీణ నేర్చుకుంటున్నాను. మృదంగం నేర్చుకునే తమ్ముడొకడిది పాయకాపురం. వరద తర్వాత చాలా రోజులు రాకపోతే వాళ్లింటికి వెళ్లాను. మృదంగం కట్టె పనస చెక్క కాబట్టి నిలబడింది. తోలు మూతలు మాత్రం ఉబ్బి, కుళ్లి, వార్లు సాగిపోయి చేతికొచ్చేశాయి. మూత మధ్యలో ఉండే నల్లటి పూత కరిగి బురదలో కలిసిపోయింది. ఆ పక్క వీధిలోనే భజనలకి హార్మోనియం వాయించే ఒక పెద్దాయన తన పెట్టెని విప్పి మంచం మీద పరిచారు. మెట్లు ఉబ్బి బిగుసుకుపోయాయి. తిత్తి అట్ట పొరలు పొరలుగా ఊడింది. ఇత్తడి రీడ్ల సందుల్లో సన్నటి ఒండ్రు ఎండి పట్టేసింది. ఆయన పాత టూత్‌బ్రష్షుతో ఒక్కో రీడూ తోముతున్నారు.

"మేం కొంత డబ్బు పోగుచేసి ఇస్తే పనికొస్తుందా బాబాయ్?" అని అడిగాను.

ఆయన తల ఎత్తలేదు. "డబ్బులిస్తే ఇంట్లోకి ఖర్చయిపోతాయమ్మా. పెట్టె పలికేట్టు చేయించండి. కార్తీకమాసంలో నా తిండి నేను సంపాదించుకుంటా" అన్నారు.

మేం చేసిందంతా ఆ మాట వెంట నడిచిందే. ఊళ్లో సేవా కార్యక్రమాలు చాలా జరుగుతాయి. తీసుకునేవాళ్లకి ఏం కావాలో ముందు వాళ్లనే అడిగే అలవాటు తక్కువ. మేం మిత్రులం కొందరం, వయొలిన్, వేణువు, గాత్రం, ఘటం వాళ్లం, సాయంత్రాలు ఆ కాలనీల్లో తిరిగి జాబితా రాశాం. ఎవరిది ఏ వాద్యం, ఏం పాడైంది, బాగు చేసేదెవరు, ఎంతవుతుంది. ఆఖరి గడి మేం ఊహించి నింపలేదు. ఫొటోలు తీసి పనివాళ్లకే పంపి, వాళ్లు చెప్పిన ధరే రాశాం. తడిసిన చెక్కని ఎండలో పెట్టొద్దని, నీడలో గాలి తగిలేట్టు ఉంచమని వాళ్లు చెప్పిన మాట ఇల్లిల్లూ తిరిగి చెప్పడం కూడా పెద్ద పనే అయింది. తొందరపడి ఎండబెడితే చెక్క పగులుతుంది, ఇక దానికి మందు లేదు. ఒక టీచరు గారి వీణకైతే గుండ్రటి కుండకీ, మెట్లుండే పొడుగాటి దండికీ మధ్య అతుకు విడిపోయింది. బొబ్బిలి వీణలా ఒకే మానులో తొలిచిన ఏకాండి అయితే ఆ బాధ ఉండేది కాదు. దాన్ని నూజివీడు వీణల పనివాళ్లకి చూపించాలని తేలింది.

తర్వాత డబ్బు దారి. ఒక కచేరీ పెట్టి పోగుచేద్దామనుకున్నాం. ఇలాంటి కార్యక్రమం చేయాలనుకునే వాళ్లకి నేను గట్టిగా చెప్పేది ఈ విషయమే. మాది రిజిస్టరైన సంస్థ కాదు, స్నేహితుల గుంపు. నా ఫోన్‌పే నంబరు పోస్టరు మీద వేస్తే సులువుగా అయిపోతుంది గానీ, రేపు ఎవరైనా లెక్క అడిగితే చూపించడానికి నా బ్యాంకు పుస్తకం తప్ప ఏమీ ఉండదు. అందుకని 80జి రిజిస్ట్రేషన్, అంటే విరాళమిచ్చినవాళ్లకి ఆదాయపు పన్ను మినహాయింపు దొరికేలా అప్పటి చట్టం కింద నమోదు, ఉన్న ట్రస్టు కోసం వెతికాం. ఒకళ్లు వసూలైన దాంట్లో కొంత శాతం తమ నిర్వహణకి కావాలన్నారు. నమస్కారం పెట్టి వచ్చేశాం. ఇంకో చిన్న ట్రస్టు వాళ్లు పూర్తి మొత్తం వాద్యాలకే వాడడానికి ఒప్పుకుని, కాగితం మీద రాసిచ్చారు.

ఆడిటరు గారు ఒకరు, మా వయొలిన్ అక్కకి మేనమామ, మాకు రెండు సంగతులు విడమరిచి చెప్పారు. టిక్కెట్టు కొన్న డబ్బు సీటుకి ధర అవుతుంది, విరాళం కాదు, దానికి పన్ను మినహాయింపు రసీదు ఇవ్వకూడదు. రెండోది, రూ. 2,000 దాటి నగదుగా ఇచ్చిన విరాళానికి 80జి మినహాయింపు వర్తించదు. పెద్ద మొత్తం ఇచ్చేవాళ్లు చెక్కో యూపీఐయో ఇవ్వాలి, పాన్ నంబరు ఇవ్వాలి, ట్రస్టు వాళ్లు తర్వాత విరాళం ధ్రువపత్రం (అప్పట్లో ఫారం 10బీఈ) ఇస్తారు. సంగీత కచేరీకి మనిషికి రూ. 500 దాకా టిక్కెట్టు పెడితే జీఎస్టీ కూడా ఉండదని ఆయనే చెప్పారు. అయినా మేం టిక్కెట్టు పెట్టలేదు. మన దగ్గర శాస్త్రీయ సంగీత సభలంటే ప్రవేశం ఉచితమనే లెక్క. టిక్కెట్టు అంటే వచ్చే నలుగురూ ఆగిపోతారని భయం. తలుపు దగ్గర ట్రస్టు పేరు మీద క్యూఆర్ కోడ్, పక్కన తాళం వేసిన హుండీ పెట్టాం. హుండీ తాళం ట్రస్టు వాళ్ల దగ్గర, తెరిచేటప్పుడు ఇద్దరు సాక్షులు.

హాలు అంటే అందరూ ముందు తుమ్మలపల్లి వారి క్షేత్రయ్య కళాక్షేత్రం పేరే చెప్పారు. అది పెద్దది, మాకు సగం కుర్చీలు కూడా నిండవు. గాంధీనగర్‌లో నాటకాలూ సాహిత్య సభలూ జరిగే చిన్న హాలు తీసుకున్నాం. దసరా నవరాత్రుల్లో పక్కవాద్యాల వాళ్లెవరూ ఖాళీగా ఉండరు, కార్తీకం మొదలయ్యాక మా హార్మోనియం బాబాయ్ లాంటి వాళ్లు భజనలతో ఖాళీగా ఉండరు. దసరాకీ దీపావళికీ మధ్య ఒక ఆదివారం సాయంత్రం ఖాయమైంది.

మిత్రులతో ఒక్క విషయం మీదే వాదన నడిచింది. సేవ కోసం కాబట్టి అందరం ఉచితంగా వాయించాలని కొందరు. విద్యార్థులం మనం వాయించవచ్చు, కానీ కచేరీల మీదే ఇల్లు గడిచే మృదంగం మాస్టారిని, దసరా అలసట తీరకముందే పిలిచి, ఉత్త చేతులతో పంపడం న్యాయమా? ఒక సంగీత విద్వాంసుడికి సాయం చేయడానికి ఇంకో విద్వాంసుడి కూలి ఎగ్గొట్టడం నాకు నచ్చలేదు. చివరికి హాలు, మైకు, పక్కవాద్యాల సంభావన, ఘటం తెచ్చే అన్నకి ఆటో ఛార్జీ, ఇవన్నీ భరించే దాత ఒకరు దొరికారు, బీసెంట్ రోడ్డులో బట్టల వ్యాపారం చేసే ఒక పెద్దమనిషి. దాంతో జనం ఇచ్చే ప్రతి రూపాయీ వాద్యాలకే అని పోస్టరు మీద ధైర్యంగా వేసుకున్నాం. మృదంగం మాస్టారు తన కవరు తీసుకుని, అందులో సగం హుండీలో వేశారు. అది ఆయన ఇష్టం. మేం అడగలేదు.

వీణ మీద సినిమా పాటలు వాయిస్తే జనం విరగబడి వస్తారని చాలామంది అన్నారు. నిజమే కావచ్చు. కానీ సినిమా పాటలకి, రచయితల, స్వరకర్తల హక్కులు చూసే ఐపీఆర్ఎస్ అనే సంస్థ లైసెన్సు సంగతి చూసుకోవాలి. మా కళాశాల తొలి ప్రిన్సిపాల్ మంగళంపల్లి బాలమురళీకృష్ణ గారి తిల్లానా పెడదామని నాకు చాలా ఆశ ఉండేది. ఆయన పోయింది 2016లో. రచయిత పోయాక 60 ఏళ్లు హక్కులుంటాయి కాబట్టి, అనుమతి తీసుకునే వ్యవధి లేక ఆ ఆశ పక్కన పెట్టాను. త్యాగయ్య, మన మొవ్వ క్షేత్రయ్య, అన్నమయ్య, ఎవరి అనుమతీ అక్కర్లేని మహానుభావులు ఎంతమంది లేరు. అమృతవర్షిణి రాగం మాత్రం జాబితాలోంచి మేమే తీసేశాం. వాన కురిపించే రాగమని పేరున్న దాన్ని, ఇల్లు మునిగి రెండు నెలలు కాని వాళ్ల ముందు వాయించడానికి మనసొప్పలేదు.

రిహార్సల్స్‌లో తేల్చుకోవాల్సింది శ్రుతి, అంటే అందరూ కలవాల్సిన ఆధార స్వరం ఎత్తు. నా వీణ మూడు శ్రుతిలో హాయిగా పలుకుతుంది. గాత్రం పాడే అమ్మాయికి ఐదున్నర కావాలి. బలవంతంగా కలిపితే ఇద్దరి గొంతూ పోతుంది. వీణ, వేణువు, వయొలిన్ ఒక భాగం, గాత్రం ఇంకో భాగం అని విడగొట్టుకున్నాం.

కచేరీ రోజు మధ్యాహ్నమే వెళ్లి మైకులు చూసుకున్నాం. వీణకి ఇది తప్పనిసరి. వీణ నాదం సన్నం, స్వరాన్ని ఊపే గమకం కోసం తీగ లాగినప్పుడు చివర మిగిలే ఆ కొసే దాని ప్రాణం. మామూలు మైకు ముందు పెట్టి పెంచితే కూత పెడుతుంది, పక్కనున్న ఘటాన్ని కూడా లాగేస్తుంది. కుండ మీద అంటించే కాంటాక్ట్ మైకు తెచ్చుకున్నాను. దాన్ని బ్రిడ్జికి మరీ దగ్గరగా పెడితే తీగ గరగరమంటుంది, దూరంగా పెడితే మంద్రం, అంటే కింది స్వరాలు, మొద్దుబారుతుంది. అంగుళం అంగుళం జరుపుతూ, మైకు అన్న హాలు చివరి వరుసలో నిలబడి చెయ్యి ఊపేదాకా వాయించాను. లైట్ల సంగతి కూడా చెప్పాలి. వీణకి 24 మెట్లూ మైనంలో కూర్చుని ఉంటాయి. ఎదురుగా పెద్ద లైట్లు గంటసేపు కొడితే ఆ మైనం మెత్తబడుతుంది, మెట్టు నూలుపోగంత కదిలినా స్వరం తప్పుతుంది. ముందు లైట్లు తగ్గించమంటే వీడియోలో ముఖాలు నల్లగా వస్తాయన్నారు. ముఖాలు నల్లగా వస్తే రానివ్వండి అన్నాను.

అన్నిటికంటే బాధపెట్టిన సంగతి వేరే. ఒక పెద్ద దాత, పేరు వద్దు, మంచి మొత్తమే ఇస్తానన్నారు. వాద్యాలు తన చేతుల మీదుగా వేదిక మీద, ఫొటోలు తీస్తుండగా ఇవ్వాలని షరతు. మాలో సగం మంది ఒప్పేసుకుందామన్నారు. జాబితాలో ఉన్నవాళ్లనే అడుగుదామన్నాను. పాయకాపురం తమ్ముడి వాళ్లమ్మ టీ గ్లాసులు కడుగుతూ విని, "మా వాడు వాయించడానికి స్టేజీ ఎక్కితే ముందు వరసలో కూర్చుంటానమ్మా. తీసుకోవడానికి ఎక్కితే నేను రాను" అంది. దాత గారికి ఫోన్ చేసి, "మీరు తప్పకుండా రండి, ముందు కూర్చోండి, మీ పేరు దాతల పట్టికలో వేస్తాం, పంపిణీ మాత్రం వేదిక మీద ఉండదు" అని చెప్పాం. ఆయన రాలేదు, ఆ డబ్బూ రాలేదు. ఆ మొత్తంతో ఇంకొన్ని మృదంగాలకి మూతలు పడేవి. ఇప్పటికీ తలుచుకుంటే కష్టంగానే ఉంటుంది, అయినా మళ్లీ అదే చెబుతాను.

కచేరీ మొదలుపెట్టింది వరదలో వాద్యాలు పాడైనవాళ్లే. హార్మోనియం బాబాయ్ పెట్టె ఒక్కటి ఇంకో దాత ఇచ్చిన అడ్వాన్సుతో ముందే బాగయింది. ఆయన రీడ్లు తోముకున్న శ్రమ వృథా పోలేదు, వాటిలో చాలావరకు అవే పనికొచ్చాయని బాగుచేసిన మేస్త్రీ చెప్పాడు. తమ్ముడు మాస్టారి మృదంగం అరువు తీసుకుని, తొప్పి మీద, అంటే ఎడమ వైపు మూత మీద, రవ్వ ముద్ద అద్దుకుని కూర్చున్నాడు. కండ్రిక భజన బృందం అందుకుంది. శాలువాలు లేవు, జ్ఞాపికలు లేవు, ముఖ్య అతిథి ఉపన్యాసం లేదు. రెండో పాటకి హాల్లో తాళం వేయని చెయ్యి లేదు. మా విద్యార్థుల కచేరీ దాని తర్వాత. అంత కుదురుగా వినే శ్రోతల ముందు నేను అంతకుముందు ఎప్పుడూ వాయించలేదు.

మర్నాడు ట్రస్టు ఆఫీసులో హుండీ తెరిచారు. పది రూపాయల నోట్లు ఎక్కువ, అందులో చాలా భాగం సింగ్ నగర్ వైపు నుంచి వచ్చినవాళ్లవేనని నా నమ్మకం. డబ్బు నేరుగా పనివాళ్లకే వెళ్లింది. ఒక్కో బిల్లూ, బాగైన వాద్యం ఫొటో, మనిషి ముఖం లేకుండా, దాతల వాట్సాప్ గ్రూపులో పెట్టాం. కార్తీకం మొదటి సోమవారానికి మృదంగాలు చాలావరకు ఇళ్లకి చేరాయి. రెండు డోళ్లకి తోలు సరిగా దొరక్క ఆలస్యమైంది. టీచరు గారి వీణ ఇంకా నూజివీడులోనే ఉంది. చెక్కలో తేమ పూర్తిగా ఆరితే గానీ అతుకు వేయనని, సంక్రాంతి తర్వాత అడగమని పనివాడు తేల్చి చెప్పాడు. దానికి కేటాయించిన సొమ్ము ట్రస్టు ఖాతాలో విడిగా ఉంది, ఆ వివరం కూడా గ్రూపులో పెట్టాం. అందాకా ఆవిడ వారానికి మూడు సాయంత్రాలు నా వీణ మీదే పిల్లలకి పాఠం చెబుతున్నారు.